ఎడమ పెడల్ బిగించిన శనివారం

నేను ఒక పానాని. నంబరు పదిహేను. పంజాబులో ఎక్కడో కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెట కింద పెట్టి నన్ను తయారుచేశారట. ఆ దెబ్బలు నాకు గుర్తులేవు, ఉన్నా ఎవరికి చెప్పుకోను? లారీ ఎక్కి కాకినాడ వచ్చాను. మొదట ఐసు ఫ్యాక్టరీలో ఒక ఫిట్టరు దగ్గర ఉన్నాను. ఆ మహానుభావుడు నాతో కూల్‌డ్రింకు మూతలు తీసేవాడు, వీపు గోక్కునేవాడు, నట్లు మాత్రం కటింగ్ ప్లేయరుతో విప్పేవాడు. ఉద్యోగం మానేసిన రోజున తన సామానంతా జగన్నాథపురంలో సైకిల్ షాపు నడిపే బుల్లబ్బాయి గారికి ఇచ్చేసి పోయాడు.

అప్పటి నుంచీ నా బతుకు బాగుపడింది. బుల్లబ్బాయి గారి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. శనివారం వచ్చిందంటే ఆయన షాపు పిల్లలది. బడి మానేసినవాళ్లు, చెడు సావాసాలు పట్టి పోలీస్ స్టేషన్ గడప తొక్కినవాళ్లు, ఇంట్లోవాళ్లు ఇక మావల్ల కాదని వదిలేసినవాళ్లు వస్తారు. పేటలోవాళ్లు తమ పాత సైకిళ్లు తెచ్చిపడేస్తారు. వీళ్లు ఉచితంగా బాగుచేస్తారు. నువ్వేం చేసి వచ్చావని అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు. ఉన్న కట్టుబాటు ఒక్కటే. బాగుచేసినవాడే ముందు ఆ సైకిలెక్కి వంతెన దాకా తొక్కి రావాలి. తన పని మీద తన ప్రాణం పెట్టాక గాని సొంతదారుకి ఇవ్వకూడదు.

లోవరాజు అలా వచ్చినవాడే. పదహారేళ్లు. దొంగ మోటారుసైకిల్ మీద స్నేహితుల వెనకాల కూర్చుని దొరికిపోయాడు. పిల్లల కేసులు చూసే జువైనల్ బోర్డు వాళ్లు మూడు నెలలు ఇక్కడికి రమ్మన్నారు. వారం వారం బుల్లబ్బాయి గారు కాగితం రాసి పంపాలి. అందులో ఒక్క చెడ్డమాట పడితే వాణ్ణి బాలనేరస్థుల హోమ్‌లో వేస్తారు. అక్కడికి వెళ్లొచ్చిన వాడి అన్న ఇప్పటికీ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు. అందుకే హోమ్ పేరెత్తితే లోవరాజు మొహంలో నెత్తుటి చుక్క ఉండదు.

ఇంకా రెండు వారాలే ఉన్నాయనగా వరాలమ్మ సైకిల్ వచ్చింది. ఆవిడ మునిసిపల్ బడిలో ఆయా. వెనక క్యారియర్ మీద మనవరాలిని కూర్చోబెట్టుకుని వెళ్తుంది. పెడళ్లు మార్చాలంది. కుడి పెడల్‌కి, ఎడమ పెడల్‌కి మరలు వేర్వేరు, ఒకదాన్ని తిప్పినవైపు రెండోదాన్ని తిప్పకూడదు. తొందరలో లోవరాజు కుడిదాన్ని తీసి ఎడమవైపు పెట్టాడు. అది ఎక్కనంది. వీడు నా కాడకి ఇనప పైపు తొడిగి వేలాడాడు. ఆ దెబ్బకి లోపల మర తెగింది, నా నోరు కాస్త సాగింది, పెడల్ మాత్రం వంకరగా ఇరుక్కుంది. అమ్మ బాబోయ్, అంత నొప్పి కొలిమిలో కూడా ఉండి ఉండదు.

వాడికి తెలిసిపోయింది. అటూ ఇటూ చూసి, వంకర కనపడకుండా గ్రీజు పులిమి, కుడివైపు పాత పెడలే ఉంచేశాడు. కట్టుబాటు ప్రకారం సైకిలెక్కాడు గాని, బరువంతా కుడికాలి మీదే వేసి వంతెన దాకా వెళ్లొచ్చాడు. బుల్లబ్బాయి గారు అవతల ట్యూబుకి పంక్చరు వేస్తూ చూడలేదు. వరాలమ్మ పిల్లని ఎక్కించుకుని, చల్లగా ఉండు నాయనా అని దీవించి వెళ్లింది.

లోవరాజు నన్ను పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాడు. ఆ కాసేపూ నేను వాణ్ణి నా నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. అంతలో ఏమనుకున్నాడో, నన్ను కింద పడెయ్యడం కూడా మరిచిపోయి పరుగందుకున్నాడు. చెప్పులు ఒకచోట, వీడు ఒకచోట. వంతెన ఎత్తు ఎక్కుతూ వరాలమ్మ ఎడమకాలు బలంగా నొక్కబోతుంటే వెళ్లి హ్యాండిల్ పట్టేశాడు.

"దిగిపోండి మామ్మగారూ. పెడల్ ఊడిపోద్దండి."

సైకిల్ నడిపించుకుంటూ షాపుకి తెచ్చాడు. బుల్లబ్బాయి గారి ముందు నిలబడి, తల ఎత్తకుండా అంతా చెప్పేశాడు.

"తెలియక వేశానండి బాబాయ్ గారూ. కానీ తెలిసే ఇచ్చేశానండి."

ఆ రెండోమాట చెప్పకపోయినా జరిగిపోయేది. అందుకే నాకు వాడంటే అంత ఇది. బుల్లబ్బాయి గారు వంగి ఆ పెడల్ చూశారు. వరాలమ్మ స్టూలు లాక్కుని పిల్లని ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వే బాగుచెయ్యి. అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాను."

ఆ సాయంత్రం కాగితం మీద బుల్లబ్బాయి గారు ఉన్నదున్నట్టు రాశారు. తప్పు చేశాడు, దాచాడు, పరుగెత్తి ఆపాడు, ఒప్పుకున్నాడు. ఆయన అబద్ధం రాయరని లోవరాజుకి తెలుసు, ఆ రాత్రి వాడి ఇంట్లో పొయ్యి వెలగలేదట. వరాలమ్మ అడక్కుండానే ఆ రాత కింద తనూ సంతకం పెట్టింది. నేను వెళ్లలేదు గాని, బోర్డులో మేడమ్ గారు ఆ కాగితం రెండుసార్లు చదివి, మిగిలిన రెండు వారాలూ ఇలాగే పనిచెయ్యమని పంపేశారని విన్నాను.

మూడు నెలలూ అయిపోయాయి. ఆ మరుసటి శనివారం ఎవరూ రమ్మనకపోయినా లోవరాజు వచ్చి షట్టర్ ఎత్తాడు. ఇప్పటికి నాలుగేళ్లు.

నా నోరు సాగిపోయింది, ఏ నట్టూ పట్టదు. పాత ఇనుము కొనేవాడికి వేసేద్దామని బుల్లబ్బాయి గారు ఒకసారి అంటే లోవరాజు ఒప్పుకోలేదు, నన్ను గోడకి మేకేసి తగిలించాడు. కొత్తవాళ్లు వస్తారు. అంతవరకూ తమ తప్పులే అందరి నోటా విని ఉంటారు, ఇక్కడా అవే అడుగుతారని బిగుసుకుని నిలబడతారు. లోవరాజు వాళ్లని ఏమీ అడగడు. నన్ను మేకు నుంచి తీసి వాళ్ల చేతుల్లో పెడతాడు.

"చూడండి, దీన్ని పాడుచేసింది నేనే. ఎలాగో చెప్తాను, కూర్చోండి."