విరిగిన సూది లెక్క

బాలికల హోములో కుట్టుపని గది తలుపు తీయగానే షావుకారమ్మ ముక్కుకు ముందుగా తగిలింది మిషన్ నూనె వాసన. ముప్పై ఏళ్ళలో గోడల రంగు మారింది, కిటికీలకు కొత్త జాలీలు వచ్చాయి, చెక్క బల్లలు పోయి ఇనుప బల్లలు వచ్చాయి. వాసన మాత్రం పాత సరుకే. ఆమె గుమ్మంలోనే కాసేపు ఆగిపోయింది.

"రండమ్మా, కూర్చోండి," అన్నాడు సూపరింటెండెంటు. "ఆఫీసు గదికి సున్నాలు వేస్తున్నారు. అందుకని కమిటీ మీటింగు ఈసారి ఇక్కడే పెట్టాం."

హోము కమిటీలో వ్యాపారుల తరఫున ఒకరుండాలని ఈ మధ్యే ఆమెను వేశారు. యూనిఫారాల కొట్టు నడిపే మనిషి, మాట మీద నిలబడుతుందన్న పేరుంది. వద్దంటే ఎందుకని అడుగుతారు, వస్తే ఎవరూ అడగరు అని తూకం వేసుకుని వచ్చింది. ఎందుకంటే పదిహేనో ఏట తను ఇదే హోములో పద్నాలుగు నెలలు ఉంది. పనిచేసిన కొట్లో ఒక గుడ్డతాను ఎత్తుకుపోయిన కేసు. ఆ సంగతి భర్తకు పెళ్ళికి ముందే చెప్పింది. "ఉన్న సరుకంతా షోకేసులో పెట్టక్కర్లేదులే," అని ఆయన ఆ మాట అక్కడితో కట్టేశాడు. ఊళ్ళో మరెవరికీ తెలియదు. పక్క కుర్చీలో కూర్చున్న హెడ్మాస్టరుకు అసలే తెలియదు. ఆయన బడి పిల్లలందరి బట్టలూ ఆమె కొట్టు నుంచే వెళతాయి. ఆ ఒక్క బడి బేరం పోతే కొట్లో సగం మంది కుట్టేవాళ్ళకు పని ఉండదు.

సూపరింటెండెంటు కాగితాలు సర్దుకుంటుంటే ఆమె చూపు మూడో కిటికీ దగ్గరికి పోయింది. అక్కడే తమ వరస. చాపమీద ఏడుగురు. లెక్కలు చకచకా చేస్తుందని అందరూ ఆమెను లెక్కలక్క అనేవారు. పక్కనే గువ్వ. అందరిలోకీ చిన్నది, గుప్పెడంత మనిషి, గంపెడు మాటలు. బస్సుల్లో పర్సులు కొట్టిన కేసులో వచ్చింది. ఆ చేతులే గుండీలు కుడుతుంటే ఎంత ముచ్చటగా ఉండేవో.

"లెక్కలక్కా, బయటికెళ్ళాక ఏం చేస్తావ్?"

"కొట్టు పెడతా."

"ఏం కొట్టు?"

"బట్టల కొట్టు."

"ఆహా! ఎత్తుకెళ్ళిన తానుతోనేనా?"

వరసంతా కిసుక్కున నవ్వేది. కుట్టు టీచరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏమిటే ఆ ఇకఇకలు?" అనేది.

"గువ్వకి ఎక్కిళ్ళు టీచర్!"

"దానికి ఎక్కిళ్ళయితే మీరెందుకే ఊగుతున్నారు?"

టీచరమ్మ అటు తిరగ్గానే గువ్వ మళ్ళీ మొదలెట్టేది. "నీ కొట్లో నన్ను గుండీలకు పెట్టుకో అక్కా. జీతం వద్దు. రెండు పూటలా తిండి, పైగా నీమీద పెత్తనం. చాలు."

ఆ చాప మీద గడిపినన్ని నవ్వుల రోజులు తర్వాత తన సొంత ఇంట్లో కూడా దొరకలేదని షావుకారమ్మకు అనిపిస్తూ ఉంటుంది. జైలులాంటి చోటును తలుచుకుని మురిసిపోవడమేమిటని తనను తనే కసురుకుంటుంది కూడా.

"ఇక అసలు విషయం," అన్నాడు సూపరింటెండెంటు. "వచ్చే సోమవారం విడుదల కావాల్సిన అమ్మాయి ఒకతి ఉంది. మొన్న సాయంత్రం ముప్పై సూదుల్లో ఒకటి తగ్గింది. పెట్టె చివరగా ముట్టుకున్నది ఈ పిల్లే. వచ్చింది దొంగతనం కేసు. మూడు నెలలు పొడిగిద్దామని నా సిఫారసు."

అమ్మాయి గోడకానుకుని నిలబడి ఉంది. "నేను తీయలేదు సార్. మా అన్నయ్య సోమవారం పనికి సెలవు పెట్టుకున్నాడు సార్," అంది. అప్పటికి చాలాసార్లు చెప్పి ఉంటుంది, గొంతులో జీవం లేదు.

షావుకారమ్మ కొత్త కుట్టు టీచరు వైపు తిరిగింది. "అంతకు ముందు రోజు సూది ఏదైనా విరిగిందా తల్లీ?"

"ఒకటి విరిగిందండీ. రెండు ముక్కలూ తెచ్చి ఇచ్చారు. మర్నాడు పొద్దున పారేసి కొత్తది పెట్టాం."

"ఆ రెండు ముక్కలూ పెట్టెలో వేసే లెక్క పెట్టారా?"

"పిల్లలే లెక్క పెడతారండీ. నేను సంతకం చూస్తాను."

"ముక్కలు రెండూ రెండు సూదులుగా లెక్కలో పడ్డాయేమో. అలా అయితే సూది పోయింది ముందు రోజే, ఈ పిల్ల మొన్న పెట్టె ముట్టుకోకముందే. లెక్క సరిపోయినట్టు కనబడింది, అంతే. మర్నాడు ముక్కలు పారేశాక తరుగు బయటపడింది."

సూపరింటెండెంటు నవ్వాడు. "బాగానే అల్లారు గానీ, ఈ లెక్క నలభై ఏళ్ళుగా ఇలాగే నడుస్తోందమ్మా. తేడా వచ్చింది ఇంతకు ముందు ఒక్కసారే. చూడండి, పాత రిజిస్టరు కూడా తెప్పించాను. అప్పుడూ ఒక జేబుదొంగ పిల్లే. మూడు నెలలు పొడిగించారు." అట్ట చిరిగిన పుస్తకం ఆమె ముందుకు జరిపాడు.

లెక్క పెట్టినవారి గడిలో ఉన్నది ఆమె సంతకమే.

ఆ పిల్ల గువ్వే. పెట్టె చివరగా ముట్టుకుందని దాన్ని పట్టుకున్న మర్నాడు పొద్దునే, లెక్క ఎక్కడ తప్పిందో కుళాయి దగ్గర పళ్ళేలు తోముతుంటే ఆమెకు తట్టింది. బెజ్జం ముక్క ఒకటి, మొన ముక్క ఒకటి. తనే రెండు అని ఎంచింది. టీచరమ్మ గదికి వెళదామని చేతులు కడుక్కుంది. అంతలో తన విడుదల గుర్తొచ్చింది. ఇంకా ఆరు రోజులే. గువ్వకేం, మూడు నెలలేగా, ఇట్టే గడిచిపోతాయి అనుకుంది. పళ్ళెం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. గువ్వ కోసం వచ్చిన పిన్ని లారీ కూలిపని మీద ఊరు వదిలి పోతూ, ఇక ఆగలేనని చెప్పి వెళ్ళిపోయింది. గువ్వను ఇంకో హోముకు పంపేశారు. తను చేసిన బేరాలన్నిటిలోకీ చెడ్డది అదే.

హెడ్మాస్టరు గడియారం చూసుకున్నాడు. "మరైతే సంతకాలు పెట్టేద్దామా?"

షావుకారమ్మ ఒక పక్క బడినీ, కుట్టేవాళ్ళనూ, ముప్పై ఏళ్ళ పరువునూ వేసుకుని చూసింది. రెండో పక్క సోమవారం సెలవు పెట్టుకున్న ఒక అన్నయ్య ఉన్నాడు. ఎటు మొగ్గుతుందో తెలిసీ మళ్ళీ తూచడం ఎందుకనిపించింది.

"ఈ పాత లెక్క తప్పు సార్. పెట్టింది నేనే. ఈ సంతకం నాది."

"మీదా? మీరెలా..." సూపరింటెండెంటు పుస్తకం తన వైపుకు లాక్కుని ఆ సంతకం చూశాడు.

"ఆ మూడో కిటికీ కిందే కూర్చునేదాన్ని. గుడ్డతాను దొంగతనం కేసు. విరిగిన ముక్కలు రెండూ రెండు సూదులుగా ఎంచాను. మర్నాడే తెలిసింది, నోరు మెదపలేదు. ఆ పిల్ల తీయలేదు సార్. దాన్ని చూపించి ఈ పిల్లనూ ఆపకండి."

హెడ్మాస్టరు కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుంది?"

"తెలీదు సార్. వెతికానని చెబితే అబద్ధమవుతుంది. ఎదురుపడుతుందేమోనని భయపడుతూ బతికాను."

ఆయన తల పంకించాడు. యూనిఫారాల బేరం ఉంటుందో పోతుందో బళ్ళు తెరిచేనాటికి తెలుస్తుంది. సూపరింటెండెంటు తన సిఫారసు కాగితం చదువుకున్నాడు, కలం తీసి అడ్డంగా గీత గీశాడు. "సోమవారం పొద్దున పదింటికి మీ అన్నయ్యను రమ్మను," అన్నాడు అమ్మాయితో. ఆ పిల్ల అర్థం కానట్టు టీచరు వైపు చూసింది. టీచరు తల ఊపాక గోడ వదిలి నిటారుగా నిలబడింది.

"ఆ పుస్తకం ఇటివ్వండి సార్," అంది షావుకారమ్మ.

"పాత రిజిస్టరు దిద్దకూడదమ్మా."

"దిద్దను. కింద రాస్తాను. సంతకం పెట్టినదాన్ని, ఆ మాత్రం హక్కుంది."

ఆయన పుస్తకం, కలం ఆమెకు అందించాడు. లెక్క తప్పు, ఎంచినది నేను, అని మొదలుపెట్టింది. సూది తీయనిది ఎవరో రాయాల్సిన చోట కలం ఆగిపోయింది. గువ్వ అసలు పేరు ఆమెకు గుర్తు లేదు. వేలు పెట్టి పై వరసలో వెతికింది. మసకబారిన సిరాలో ఆ పేరు కనబడింది. ఎవరూ ఎన్నడూ పిలవని ఆ పేరును అక్షరం అక్షరంగా కూడబలుక్కుంటూ రాయసాగింది.