నిచ్చెన దిగేవాడి ఎడమ చెయ్యి

టికెట్ల కిటికీ దాటి పట్టుమని పది అడుగులు వేశారో లేదో, అమారో తనకు సూపు కావాలన్నాడు.

"ఇప్పుడు పదకొండు" అంది దియోలిందా. "న్యూ బెడ్‌ఫర్డ్ నుంచి రెండు గంటలు కారు నడిపింది నీ చేత సూపు తాగించడానికి కాదు."

"పదకొండింటికి ఆకలెయ్యకూడదని ఎక్కడైనా రాసుందా? ఓడ ఎక్కడికీ పోదులేవే. అరవై ఏళ్లుగా కట్టేసే ఉంది."

"ఓడ పోదు. పన్నెండింటికి జనాన్ని ఎక్కనివ్వడం ఆపేస్తారు. సోమవారం పలకలు పీకేస్తారు. ఈ ముక్క దారి పొడుగునా చెప్పాను."

"చెప్పావు. నాలుగుసార్లు" అన్నాడు అమారో, సూపు బండి వైపు నడుస్తూనే.

డెబ్బై ఎనిమిదేళ్ల అన్నను రెక్క పట్టుకుని లాగలేం కదా. పైగా అతనికి మోకాళ్లు అరిగిపోయాయి. అరగని నోటితో మాత్రం జీవితమంతా ఆమె ప్రాణం తోడేస్తూనే ఉన్నాడు. దియోలిందా సంచీ భుజానికి తగిలించుకుని ఒక్కతే రేవు వైపు నడిచింది.

ఆ సంచీలో మ్యూజియం వాళ్ల ఉత్తరం ఉంది. 'హెస్టర్ లోవెల్' అనే తెరచాపల ఓడకు మరమ్మతు చేస్తున్నారు. నావికులు పడుకునే ముందు గదిలో పడకల వెనక పాత పలకలు పుచ్చిపోయాయి, అన్నీ తీసి పారేస్తారు. మీరు రాసినట్టుగా మెట్లు దిగగానే ఎడమవైపు మూడో పైపడక వెనక చూశాం, చేపల బొమ్మలేవీ కనబడలేదు, కావాలంటే శనివారం పన్నెండులోపు వచ్చి మీరే చూసుకోవచ్చు అని అందులో ఉంది. కింద ఎవరిదో గీతల్లాంటి సంతకం.

చేపల సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. వాళ్ల నాన్న పోర్చుగల్ వాళ్ల అసోర్స్ దీవుల నుంచి వచ్చి పదిహేనేళ్లు ఈ ఓడ మీద చేపలు పట్టాడు. నెలల తరబడి నీళ్ల మీదే ఉండేవాడు. పిల్లలు పుట్టిన కబురు ఎదురొచ్చిన ఏ ఓడవాళ్లో చెబితే, చాకుతో పడక వెనక పలక మీద ఒక చేప చెక్కేవాడట. ఎడమ చేతి వైపు, మూడో పడక, పైది. అమ్మ ఈ మాట పాఠంలా చెప్పేది.

పిల్లలు నలుగురు. వర్జీలియో, బెల్మీరో, అమారో, ఆఖరున దియోలిందా. పెద్దవాళ్లిద్దరూ పోయారు. మిగిలినవాడు అమారో. ఆరేళ్లప్పుడు నాన్న అతన్ని ఒకసారి ఓడలోకి తీసుకెళ్లాడు. ఆ పలకను కళ్లారా చూసినవాడు అతనొక్కడే. చూసొచ్చి, అప్పటికి రెండేళ్ల పిల్ల అయిన చెల్లెలి దగ్గర నిలబడి చెప్పిన మాటే ఈ రోజు వరకూ చెబుతున్నాడు.

"మూడు చేపలున్నాయి. ముగ్గురు మగపిల్లలకి మూడు. నాన్న చేపల్నే లెక్కేశాడు, వల్లో పొరపాటున పడ్డ పీతను లెక్కెయ్యలేదు."

అప్పటి నుంచి ఆమె పేరు పీత. ఏటా పవిత్రాత్మ పండుగ నాడు ఊరంతా బల్లల ముందు కూర్చుని సూపులో రొట్టె అద్దుకుని తింటున్నప్పుడు, అమారో మూడు వేళ్లు ఎత్తి చూపించేవాడు. ఆమె పెళ్లిలో కూడా ఎత్తాడు. అది చాలక, తను ఎలా పుట్టాడో అమారో చెప్పే కథ ఒకటి. ఫిబ్రవరి, మోకాళ్ల లోతు మంచు, మంత్రసాని దారిలో ఇరుక్కుపోయింది, నాన్నే స్వయంగా చేతుల్లోకి పట్టుకున్నాడు, పుట్టగానే నేను చూసిన మొదటి మొహం నాన్నది అంటూ. దియోలిందా జూలైలో పుట్టింది. నాన్న ఒడ్డుకొచ్చి ఆమెను మొదటిసారి ఎత్తుకున్నది నలభై ఒకటో రోజున. ఎత్తుకుని ఏమన్నాడని అడిగితే, అమ్మ "ఏమంటాడు, అలిసిపోయి ఉన్నాడు" అనేది. నాన్న మాటల మనిషి కాదు. చనిపోయేదాకా ఆమెతో ముద్దుగా ఒక్క మాట అన్నట్టు గుర్తు లేదు. అందుకని ఆ నాలుగో చేప ఆమెకు కావాలి. ఉందో లేదో తెలియాలి. సోమవారం తర్వాత ఇక ఎప్పటికీ తెలియదు.

ఓడ మీదికి ఎక్కే చెక్క వంతెన దగ్గర నూలు టోపీ, గడ్డం, మోకాళ్ల దాకా బూట్లు వేసుకున్న యాభై ఏళ్ల మనిషి అడ్డంగా నిలబడి ఉన్నాడు. చేతిలో మోకు ముడి వేస్తున్నాడు.

"రండమ్మగారూ. నా పేరు ఎజ్రా. ఈ ఓడలో మేస్త్రీని."

"నమస్కారమండీ. ముందు గదిలో పలకలు చూడాలి. మీ ఆఫీసు వాళ్లు ఉత్తరం రాశారు" అని సంచీలోంచి కాగితం తీసింది.

ఎజ్రా ఆ కాగితాన్ని తేలు పిల్లను చూసినట్టు చూశాడు. "ఆఫీసంటే కంపెనీ గుమాస్తాలా? వాళ్లు ఊళ్లో ఉంటారమ్మా. మాకేం తెలుసు, రేపు తెల్లారితే వేటకెళ్లేవాళ్లం."

దియోలిందాకు అర్థమైంది. ఈ మ్యూజియంలో వేషాలు కట్టినవాళ్లు వేషంలోనే మాట్లాడతారని బోర్డు మీద రాసి ఉంది. కమ్మరి, తాళ్లు పేనేవాడు, ఓడవాడు, అందరికీ ఇది 1921. పిల్లలకు సరదాగా ఉంటుంది కాబోలు. ఆమెకు ఒళ్లు మండింది.

"బాబూ, నాకు గంట కూడా టైము లేదు. మా నాన్న ఈ ఓడ మీద పనిచేశాడు. బెర్నార్దో సిల్వేరా. ఆయన పడక ఏదో చూడాలి."

"సిల్వేరానా?" గడ్డం గోక్కున్నాడు ఎజ్రా. "ఆ పేరుగలవాడు మా ఓడలో ఎవరూ లేరే. ఇది కొత్త ఓడమ్మగారూ, నీళ్లలోకి దిగి ఏడాది కాలేదు."

"ఇంకా రాలేదు ఆయన. పన్నెండేళ్లాగితే వస్తాడు."

"అయితే పన్నెండేళ్లాగి రండి" అన్నాడు ఎజ్రా చాలా మర్యాదగా. వెనక వరసలో పిల్లలు పకపకా నవ్వారు.

ఈ మనిషి జుట్టు పట్టుకుని 2016లోకి ఈడ్చాలని ఆమెకు బలంగా అనిపించింది. కానీ పోట్లాడితే ఉన్న కాస్త టైమూ అయిపోతుంది. ఉత్తరం మడిచి, పళ్లు బిగించి అతని ఆటలోకే దిగింది.

"సరే. ఆయన వచ్చినప్పుడు ఎడమవైపు మూడో పైపడకలో పడుకుంటాడు. అది నాకిప్పుడే చూపించు."

"ఓడలో ఎడమా కుడీ ఉండవమ్మగారూ. ఓడ ముక్కు వైపు తిరిగి నిలబడితే ఎడమ చేతి పక్క పోర్టు, కుడి చేతి పక్క స్టార్‌బోర్డు. మనిషి ఎటు తిరిగినా అవి మారవు. ఎడమ అంటే ఎవరి ఎడమ? నాదా, మీదా?"

"మా నాన్నది" అని కసిరి, ఆమె వంతెన దాటింది.

ముందు గదిలోకి మెట్లున్నాయి. వెడల్పాటి చెక్క మెట్లు, రెండు పక్కలా ఇత్తడి కమ్మీలు, మొదటి మెట్టు మీద 'ముందుకు చూస్తూ దిగండి' అనే పసుప్పచ్చ అట్ట. దిగింది. లోపల తారు వాసన. పడకలు రెండు అంతస్తులుగా ఓడ ముక్కు వైపు దగ్గరవుతూ పోయాయి. ఎడమవైపు ఒకటి, రెండు, మూడు. పైపడకలోకి సగం ఒరిగి, వెనక పలకంతా వేళ్లతో తడిమింది. తెల్ల రంగు పూతల మీద పూతలు. నున్నగా ఉంది. మేకు తల ఒకటి తగిలింది. ఇంకేం లేదు. రెండోదీ నాలుగోదీ చూసింది. కింది పడకలూ వంగి చూసింది. ఈలోగా జనం ఆమె వీపు వెనక దిగుతూనే ఉన్నారు. ఒకావిడ, "ఈమె కూడా నాటకంలో మనిషేనా?" అని మొగుణ్ని అడిగింది.

ఏమీ లేదు. అన్న చూశానన్న ఆ మూడూ లేవు, తనదీ లేదు. నడుం నిటారు చేసుకునేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది, నాన్న మీద. ఒక్క మాట చెప్పి పోతే ఏం పోయేది? డెబ్బై నాలుగేళ్ల ఆడమనిషి అటకెక్కిన పిల్లిలా పడకల్లో దేవులాడాల్సిన ఖర్మ ఏమిటి?

పైన గొడవ వినిపించింది. అమారో గొంతు అక్కర్లేని చోట కూడా వినిపిస్తుంది.

"ముందుకు చూస్తూ దిగాలండీ పెద్దాయనా" అంటున్నాడు ఎజ్రా.

"ఓడలో నిచ్చెన ముందుకు చూస్తూ దిగినవాణ్ని నేను ఒక్కణ్నే చూశానయ్యా. వాడు పళ్లు రాలగొట్టుకున్నాడు. నలభై ఏళ్లు చేపలు పట్టినవాణ్ని, నాకు దిగడం నేర్పకు."

"అది నిచ్చెన కాదు, మెట్లు. జనం కోసం మ్యూజియం వాళ్లు..." ఎజ్రా నాలుక్కరుచుకున్నాడు. 1921లో మ్యూజియం లేదు కదా.

అమారో అప్పటికే వీపు గదివైపు, మొహం మెట్లవైపు పెట్టుకుని, రెండు కమ్మీలూ పట్టుకుని ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతున్నాడు. వరస అంతా ఆగిపోయింది. ఎవరో గడియారం చూసుకున్నారు. దియోలిందాకు సిగ్గూ విసుగూ కలిసి వచ్చాయి.

"పన్నెండు కావొస్తోంది అమారో, తొందరగా."

"మోకాళ్లు నీవా నావా?" ఆఖరి మెట్టు దిగి, తిరక్కుండా అలాగే నిలబడి ఆయాసం తీర్చుకున్నాడు. "చూశావా నీ చేప?"

"లేవు. నీ మూడూ కూడా లేవు. అబద్ధాలకోరువి."

"ఎందుకుండవు? నాన్న నన్ను చంకనేసుకుని దిగాడు. ఇదిగో, ఇలా దిగి, ఎడమ చెయ్యి చాపి చూపించాడు" అని తన ఎడమ చెయ్యి చాపాడు.

దియోలిందా ఆ చెయ్యి చాపిన వైపు చూసింది. అమారో ఎడమ చెయ్యి, ఆమె మెట్లు దిగినప్పుడు కుడివైపున్న వరస వైపుకి, ఆమె అసలు చూడని వరస వైపుకి ఉంది. ఇక్కడ ఈ వెడల్పు మెట్లు లేని రోజుల్లో నిట్టనిలువు నిచ్చెన ఉండేది. ప్రతి నావికుడూ ఇలాగే వెనక్కి దిగేవాడు. నాన్న ఎడమ ఓడ ఎడమ కాదు, నిచ్చెన దిగేవాడి ఎడమ. ఉత్తరం రాసిన మ్యూజియం వాళ్లూ, చదివిన తనూ, అందరూ మొహం ముందుకు పెట్టుకుని దిగినవాళ్లే.

స్టార్‌బోర్డు వైపు మూడో పైపడక. చెయ్యి పెట్టగానే వేళ్ల కింద గాడి తగిలింది. రంగు నిండిపోయి కంటికి ఆనడం లేదు.

"ఎజ్రా గారూ, దీపం కావాలి."

"కిరసనాయిలు లాంతరు తేనామ్మా?" అన్నాడతను మెట్ల మీంచి. ఆమె తలెత్తి చూసింది. ఆ చూపులో ఏముందో గానీ, ఎజ్రా గబగబా దిగి, ఉన్ని చొక్కా లోపల్నుంచి సెల్‌ఫోను తీసి టార్చి వెలిగించాడు. పలకకు ఏటవాలుగా పట్టుకున్నాడు. గొంతు మారిపోయింది, మామూలు మనిషి గొంతు అయింది. "ఇలా పక్క నుంచి వేస్తే గీతలు తేలతాయండీ."

తేలాయి. చేపలు వరసగా ఉన్నాయి. మూడు.

"చెప్పానా" అన్నాడు అమారో వెనక నుంచి. "మూడే. నేను అబద్ధం ఆడను."

దియోలిందా డెబ్బై ఏళ్లు ఎదురు చూసిన జవాబు, అన్న చెప్పిన జవాబే. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తబోతుంటే, ఎజ్రా టార్చి కాస్త కిందికి దించాడు. ప్రతి చేప పొట్ట కింద ఒక అక్షరం ఉంది. మొదటిదాని కింద వీ. రెండోదాని కింద బీ.

మూడోదాని కింద డీ.

ఆమె తన పేరు మొదలయ్యే ఆ అక్షరం మీద వేలు పెట్టి తీయలేదు. ఆరేళ్ల పిల్లవాడు చేపల్ని లెక్కపెట్టాడు. అక్షరాలు రానివాడు మూడు అంటే ముగ్గురు మగపిల్లలే అనుకున్నాడు.

అమారో ముందుకొచ్చి కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఒకసారి చూశాడు. మళ్లీ చూశాడు. తర్వాత పలకంతా ఈ చివర నుంచి ఆ చివరకు అరచేత్తో తడమడం మొదలుపెట్టాడు. మేకు తలల మీద, అతుకుల మీద ఆగి ఆగి తడిమాడు.

"రంగు కింద ఉండిపోయుంటుంది" అన్నాడు. "అటు వెయ్యి బాబూ దీపం. ఇంకాస్త ఇటు." ఎజ్రా వేశాడు. లేదు. "మరి నాదేదే?"

ఆ ప్రశ్న కోసం ఆమె ఎన్ని పండుగలు కాచుకుందో. మూడు వేళ్లు ఎత్తి మొహాన చూపించాలి. ఎత్తాలనే అనుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ల మొహం మీద ఆరేళ్ల పిల్లవాడి బిక్కమొహం చూశాక చెయ్యి లేవలేదు. అదీ ఒక విసుగే.

"నువ్వు పుట్టింది ఫిబ్రవరిలో" అంది. "ఓడ మరమ్మతుకు ఒడ్డున పడుంది. నాన్న ఇంట్లోనే ఉన్నాడు. నిన్ను చేతుల్లోకి పట్టుకున్నవాడు నీకు చేప ఎందుకు చెక్కుతాడు? ఇవి ఆయన చూడలేకపోయినవాళ్లవి."

ఎజ్రా జేబులోంచి సుద్దముక్క తీసి, పలక మీద 'పారేయవద్దు' అని రాసి, ఎవరెవరి పేర్లు రాయమంటారని అడిగాడు.

"వర్జీలియో. బెల్మీరో" అన్నాడు అమారో. మూడో చేప మీద వేలు పెట్టాడు. "దియోలిందా." ఆ పేరు అన్న నోట వినడం ఆమెకు ఎప్పుడూ గుర్తు లేదు.

వినగానే ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు ఒళ్లు మండింది. "జన్మంతా ఈ చేప కోసం నన్ను ఏడిపించావు" అంది. "ఇవాళైనా నేను గెలవొద్దూ? అదీ లేకుండా చేశావు. చేపలు మాకొదిలేసి నాన్నను నువ్వు కొట్టేశావు."

అమారో పడక అంచు పట్టుకుని నిలబడి ఆ మూడో చేపనే చూశాడు.

"నలభై రోజులకే వచ్చి నిన్నెత్తుకున్నాడు కదే" అన్నాడు మెల్లగా.

"నలభై ఒకటి" అంది దియోలిందా.