అంజయ్య ఎంచిన చేప

సూర్యలంక ఒడ్డున చేపల పాకల ముందు నిలబడి అంజయ్య పరేషాన్ అయిపోయాడు. నాలుగు పాకలు తిరిగాడు. గంపల్లో, ఐసు పెట్టెల్లో, బల్లల మీద ఎక్కడ చూసినా చేపలే. వంజరం, చందువా, కానాగంతలు అంటూ అమ్మేవాళ్లు పేర్లు చెబుతున్నారు. పేర్లకేం, ఎన్నయినా ఉండొచ్చు. ఒక్కటంటే ఒక్కటి కదలడం లేదు, అదీ ఆయన బాధ.

చేపల సంగతి అంజయ్యకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. కాజీపల్లి దగ్గరి ఊళ్లో చెరువు మీద బతికిన ఇల్లు ఆయనది. నీటి మీద బుడగ చూసి కింద ఉన్నది బొచ్చెనో రవ్వనో చెప్పేస్తాడని పేరు. అందులో సగం పేరు ఆయన పుట్టించుకున్నదే కావచ్చు గానీ, మిగతా సగం మాత్రం నిజం. అలాంటి చెరువులో, పదకొండేళ్ల కిందట ఒక పొద్దున, చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తెల్లటి పొట్టలే. ఎవరెవరో వచ్చారు, సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు, ఫొటోలు తీసుకుపోయారు. ఏ నీళ్లు వచ్చి కలిశాయో, ఎవరు వదిలారో ఎవరూ ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచి అంజయ్య చేప ముట్టలేదు, ఇంటి గడప తొక్కనివ్వలేదు.

కిష్టారెడ్డిపేట అపార్ట్‌మెంటుకు మారాక కూడా ఇంట్లో అదే చట్టం. కొడుకు శ్రావణ్‌కుమార్, కోడలు నిషిత ఎప్పుడైనా బయట తిని వస్తారని ఆయనకు తెలుసు. తెలియనట్టే ఉంటాడు. పదేళ్ల మనవరాలు మహిత విషయంలో మాత్రం పట్టు సడలించలేదు. ఆ పిల్లకు ఇంతవరకు చేప రుచి తెలియదు. నీళ్లెక్కడివో తెలియకుండా పిల్ల నోట్లో చేప పెట్టేది లేదంటాడు.

దసరా సెలవుల్లో సముద్రానికి పోదామన్నప్పుడు మహిత తాత పక్కన చేరింది. సముద్రం దాకా పోయి చేప తినకుండా వస్తే క్లాసులో అందరూ నవ్వుతారని గునిసింది. ముసలాయన మెత్తబడ్డాడు. మెత్తబడి ఒక షరతు పెట్టాడు. ప్రాణంతో ఎగిరే చేప అయితేనే తినాలి, అదీ తాను ఎంచి ఇస్తేనే. పటాన్‌చెరు సంతలో తొట్టెల్లో ఎగిరే చేపల్ని చూసిన కళ్లకు అదేమంత పెద్ద షరతు అనిపించలేదు. అందరూ ఒప్పుకుని బండెక్కారు.

తీరా వచ్చాక ఇదీ వరస. చివరి పాక ముత్యమ్మది. కోరిన చేపను అక్కడే వండి పెడుతుంది. అంజయ్య ఆమె బల్ల మీది చేపనొకదాన్ని తీసి మొప్ప ఎత్తి చూశాడు. ఎర్రగా ఉంది. కన్ను తేటగా ఉంది. నొక్కితే కండ మళ్లీ పైకి లేచింది. ఆయనకు తెలిసిన లెక్కన వంక పెట్టడానికి ఏమీ లేదు. చెయ్యి బాగుందంటోంది, మనసు వద్దంటోంది. ఎవరి మాట వినాలో తోచక చేపను అక్కడే పెట్టేశాడు.

“ఎగిరేటియి లేవా అమ్మా?” అని అడిగాడు.

“నీళ్లలోంచి తీశాక ఎంతసేపు ఎగురుద్ది పెద్దాయనా?” అంది ముత్యమ్మ. “సముద్రపు చేప గట్టెక్కగానే పోద్ది. ఇవి పొద్దున పడినయ్యే.”

అంతలో గంపలో తాళ్లతో కట్టిన పీతలు కనబడ్డాయి. కదులుతున్నాయి. అంజయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఇవి వండమన్నాడు. మహిత వాటి కొండీలు చూసి వెళ్లి తల్లి వెనక దాక్కుంది. చేప అడిగితే ఇదేంది అని ఏడుపు మొహం పెట్టింది. శ్రావణ్‌కుమార్‌కు ఒళ్లు మండింది. ఏడు గంటలు బండి తోలింది నీ షరతులు వినడానికా అన్నట్టు చూసి ఊరుకున్నాడు. చివరికి అంత సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని, ఆ కుటుంబమంతా టమాటా పప్పుతో అన్నం తిన్నారు. ముత్యమ్మ తన జన్మలో అలాంటి బేరం చూసి ఉండదు.

చేతులు కడుక్కుంటుంటే అంజయ్య భార్య నర్సింహమ్మ దగ్గరికొచ్చింది.

“పిల్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. సూసినవా?”

చూశాడు. చూడకేం.

మర్నాడు తెల్లవారగానే ఆయన ఒక్కడే ఒడ్డుకు పోయాడు. నీళ్లలోంచి తీసేచోటే నిలబడితే ఎగిరే చేప దొరక్క ఎక్కడికి పోతుందని ఆయన ఆలోచన. పదిహేను మంది దాకా రెండు తాళ్లు పట్టుకుని వల ఒడ్డుకు లాగుతున్నారు. చేప కోసం ముత్యమ్మ గంపతో నిలబడి ఉంది. అంజయ్య లుంగీ ఎగగట్టి, ఎవరినీ అడక్కుండా తాడు అందుకున్నాడు. ఎవరూ వద్దనలేదు. తాడు పట్టిన పట్టు చూస్తేనే తెలిసిపోతుంది గదా, పని తెలిసిన చెయ్యి ఏదో. పదకొండేళ్ల తర్వాత వల బరువు భుజానికి తగిలేసరికి ఆయనకు హాయిగా అనిపించింది.

వల ఒడ్డుకు చేరింది. చేపలు ఎగురుతున్నాయి. ఇసుక మీద టపటపా కొట్టుకుంటున్నాయి. అంజయ్య మోకాళ్ల మీద కూర్చుని మంచి కానాగంతనొకదాన్ని రెండు చేతుల్లో పట్టుకున్నాడు. అది రెండుసార్లు తన్నింది. మూడోసారి మెల్లగా తన్నింది. ఆగిపోయింది. కాస్త ఊపి చూశాడు. లాభం లేదు. ఇంకొకటి పట్టాడు, అదీ అంతే. మూడోది చేతికొచ్చినంతసేపు కూడా ఉండలేదు.

చేపను పట్టుకుని అంజయ్య అలాగే కూర్చుండిపోయాడు. ఇప్పుడిది బతికిన చేపా, చచ్చిన చేపా? పట్టినప్పుడు ఎగిరింది, ఎగిరిందని తన కళ్లే సాక్ష్యం. ఇప్పుడు ఎగరడం లేదు, దానికీ తన కళ్లే సాక్ష్యం. షరతు పెట్టింది తానే, ఇప్పుడు తీర్పు చెప్పలేక చిక్కుల్లో పడిందీ తానే. అరవై మూడేళ్లొచ్చాక ఒక చేప ముందు ఇంత తెల్లమొహం వేయాల్సి వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

ఎప్పుడొచ్చిందో మహిత పక్కన నిలబడి ఉంది. వెనక నర్సింహమ్మ. పిల్ల చేపను చూసింది, తాతను చూసింది.

“ఇది గూడ సచ్చిపోయిందా తాతా? ఇగ వద్దా?”

అంజయ్య చేతిలోని చేపను తిప్పి చూశాడు. ఆ చెరువులో తాను పట్టిన చేపలన్నీ ఏమయ్యాయి? కొన్ని వలలో పోయాయి, కొన్ని తన చేతుల్లో, మిగతావి నర్సింహమ్మ కత్తిపీట మీద. చావని చేపను ఎవరు తిన్నారు? నలభై ఏళ్లూ తమ చేతుల్లో చచ్చినవే తిన్నారు, పెట్టారు, సంతోషంగా ఉన్నారు. ఆ పొద్దున తేలినవాటిని మాత్రం ఏ చెయ్యీ పట్టలేదు, అవి ఎవరి వల్ల చచ్చాయో తెలియలేదు. ఆయనకు పట్టుకున్న భయం అదే. పట్టుకుని ఇన్నేళ్లయినా అదేమిటో ఆయనకే తెలియలేదు.

“ఇది నా చేతుల సచ్చింది బిడ్డా. నేను సూసిన. తిందువు, పా.”

ముత్యమ్మ ఆ మూడింటికీ ఇంకొన్ని కలిపి కారం పట్టించి పెనం మీద వేసింది. వాసనకు అంజయ్యకు నోరూరింది. అలా నోరూరినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. నర్సింహమ్మ ముల్లు తీసి మహిత నోట్లో మొదటి ముక్క పెట్టింది. పిల్ల ఒక్క క్షణం ఆగింది. తర్వాత కళ్లు పెద్దవి చేసి, ఇంకో ముక్క కోసం తానే చెయ్యి పెట్టింది. శ్రావణ్‌కుమార్ నవ్వాడు. ఈ ప్రయాణంలో అతను నవ్వడం అదే మొదటిసారి. నిషిత గబగబా ఫోన్ తీసి ఫొటో కొట్టింది.

రెండో చేప సగంలో ఉండగా మహిత తలెత్తింది.

“మరి మన చెరువుల చాపలు ఎవరి చేతుల సచ్చినయ్ తాతా?”

శ్రావణ్‌కుమార్ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. అప్పుడూ ఇప్పుడూ అతను పని చేసేది కాజీపల్లిలో మందుల కంపెనీ బాయిలర్ మీద. అతని కంపెనీదే తప్పని ఎవరూ అనలేదు, కాదనీ ఎవరూ అనలేదు. అంజయ్య కొడుకు మొహం వంక చూశాడు. కొడుకు పళ్లెం వంక చూశాడు. అడగాలా వద్దా అని పదకొండేళ్లుగా తేల్చుకోలేని మాట అంజయ్య నాలుక చివరి దాకా వచ్చి ఆగింది.

“ఎవ్వరు చెప్పలే బిడ్డా” అన్నాడు మెల్లగా. “నా చేతులనే సచ్చినయ్ అని ఒక్కడన్న ఒప్పుకుంటే, నేను ఎప్పుడో చాప తింటుంటి.”

తన పళ్లెంలోని చేపకు ముల్లు తీసి, ముక్కలన్నీ మనవరాలి పళ్లెంలో వేశాడు.