ఛాతి కాదు, రొమ్ము

మా అమ్మ పిచ్చమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. మాటవరసకు అనడం లేదు. రొమ్ములో గడ్డ పెట్టుకుని, మగమనిషి ముందు ఆ మాట అనలేక "ఛాతిల నొప్పి" అంది. మిర్యాలగూడలో ఆరెంపీ డాక్టరు జగదీష్ గ్యాసని గోళీలిచ్చాడు. ఏడు నెలలు ఇచ్చాడు. ఎక్కడ నొప్పి, ఏమైనా తగులుతోందా అని ఒక్కసారి అడగలేదు. సూర్యాపేట దవాఖానకు తీసుకొచ్చేసరికి గడ్డ పగిలిపోయింది.

అమ్మను సమాధి చేసిన మర్నాడే పోయి నిలదీశాను. "మీ అమ్మ ఛాతి అన్నది గానీ రొమ్ము అనలే. నా తప్పేముంది సెల్లె?" అన్నాడు. రొమ్ము అన్న మాటను అతని నోటితోనే, పదిమందిలో పలికించాలని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

నాలుగేళ్లయింది. ఇప్పుడు నేను కేన్సర్ పరీక్షల బండిలో నర్సును. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ వంతులవారీగా తిరుగుతాం. మిర్యాలగూడ వంతు వస్తే టెంటు ఎక్కడ వేయాలని డ్రైవరు జాన్ నన్ను అడగడు. జగదీష్ క్లినిక్కు ఎదురుగానే. మైకు మూతి కూడా అటే తిప్పుతాను. ఉద్యోగానికి ఉద్యోగం, పగకు పగ.

మొన్న బుధవారం కూడా అదే పని.

"కేన్సర్ అంటే ఒక్కటే రోగం కాదమ్మా. వరిల ఊద గడ్డి మొలిస్తే మొదాలు వరి లెక్కనే కనపడతది, ఎరువంత అదే తింటది. మన ఒంట్ల కణం దారి తప్పితే గట్లనే. ఏడ మొలిస్తే ఆ పేరు. నోట్ల వస్తే పుండు మానది. గర్భసంచి మూతికొస్తే ముట్టు ఆగినంక మల్ల నెత్తురు కనపడతది. నెత్తుర్ల వచ్చేదానికి గడ్డే ఉండకపోవచ్చు. జ్వరం ఇడ్వది, మనిషి పాలిపోతడు. రొమ్ముల వస్తే గడ్డ తగులుతది, నొప్పి ఉంటే ఉంటది, లేకుంటే లేదు."

పాలకీడు నుంచి వచ్చిన సైదమ్మ చెయ్యెత్తింది. "మా ఆడబిడ్డకు కార్జంల ఉన్నదట. మరి రొమ్ము మందులు ఇస్తున్నరేంది బిడ్డా?"

"ఆత్మకూరోడు హాలియాల ఇల్లు కట్టుకుంటే హాలియోడైతడా పెద్దమ్మా? రొమ్ముల పుట్టి కార్జానికి పోయినా అది రొమ్ము కేన్సరే. పుట్టిన ఊరును బట్టే మందు."

రొమ్ము, రొమ్ము అని మైకులో ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. ఎదురుగా జగదీష్ షట్టరు సగం దించుకున్నాడు. నాకు పండగలా ఉంది.

పరీక్షలు మొదలయ్యాక పరదా వెనక్కి ఒకామె వచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. జగదీష్ భార్య లత.

"ఛాతిల నొప్పి సిస్టర్. మా ఆయన గ్యాస్ అన్నడు. ఐదు నెలల సంది గోళీలు మింగుతున్న."

నాకు లోపల నవ్వొచ్చింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడ్డారనుకున్నాను. 'గ్యాసేలే అక్కా' అని పంపేద్దామన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఆమె కొంగు తీసి, సిగ్గుతో కళ్లు గట్టిగా మూసుకుంది. ఈమె నాకేం చేసింది? నా మీద నాకే అసహ్యం వేసింది.

కుడి రొమ్ములో కుంకుడు గింజంత గడ్డ. గట్టిగా ఉంది, కదలడం లేదు.

"ఏందన్నది గడ్డల చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తెనే తెలుస్తది. రేపే సూర్యాపేట పోవాలె" అని కాగితం రాసిచ్చాను.

"ఆయనకు నువ్వే చెప్పు సిస్టర్. నాకు నోరు రాదు."

"అందరి ముంగట చెప్త. సరేనా అక్కా?"

"చెప్పు. మూడుసార్లు సూడమన్న, ఒక్కసారి సూడలే" అంది.

ఇద్దరం రోడ్డు దాటాం. క్లినిక్కులో బెంచీ మీద ఆరుగురు ఆడవాళ్లు ఉన్నారు. కాగితం అతని ముందు పెట్టాను.

"సదువుండ్రి డాక్టర్ సాబ్. గట్టిగ."

కాగితం చూశాడు, భార్యను చూశాడు.

"కుడి... కుడి దిక్కు..."

"దిక్కు కాదు. రాసింది సదువుండ్రి."

"లోపలికి రా సెల్లె, మాట్లాడుకుందాం."

"గీడ్నే."

"కుడి రొమ్ములో గడ్డ" అన్నాడు.

బెంచీ మీద ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె లేచి, చేతిలోని గోళీల పొట్లం అతని బల్ల మీద పెట్టి, మా టెంటు వైపు నడిచింది. మిగతా ఐదుగురూ ఆమె వెంటే పోయారు.

"బతుకుతదా?" అని అడిగాడు జగదీష్. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నాకు జాలి కలగలేదు. కలిగిందని అబద్ధం చెప్పను.

"కేన్సరే అయినా బతకొచ్చు. మా అమ్మ నీ మాట నమ్మింది. ఈ అక్క నమ్మలే."