పాలిస్టర్ కంకణం

రాఖీ పున్నమి నాడు సూరత్ బమ్రోలిలోని ఒక మరమగ్గాల కార్ఖానాలో నలభై మంది మణికట్లకు కంకణాలు కట్టినవాడు సదానందం. పదకొండో రోజున వాటిలో ఒక చెయ్యి తెగిపోయింది. కంకణం మాత్రం తెగలేదు.

నలభై ఎనిమిదేళ్ల పద్మశాలి. సిరిసిల్ల దగ్గర పుట్టి సూరత్‌లో నలిగినవాడు. పేరుకే సదానందం. ఆనందం ఏడాదికొకటే రోజు, మిగతా రోజులన్నీ మగ్గం దగ్గర మగ్గడమే. పున్నమి నాడు మాత్రం తలంటుకుని, కొత్త జంధ్యం వేసుకుని, కార్ఖానాలోని మనవాళ్లందరికీ మార్కండేయుడి కథ చెప్పేవాడు. యముడు పాశం విసరడం, పిల్లవాడు లింగాన్ని వాటేసుకోవడం, శివుడు దిగి వచ్చి యముణ్ని తన్నడం. "మనం ఆయన వంశపోళ్లం. మనకు దారమే ఆధారం" అని కథ ముగించి కంకణాలు కట్టేవాడు.

ఎప్పుడూ నూలు కంకణాలే. నూలు వారానికల్లా పీలికలై ఎక్కడో రాలిపోయేది. రక్ష రాలిపోతే ఎట్లా అని ఈసారి సదానందానికి బుద్ధి పుట్టింది. చుట్టూ పాలిస్టర్ దారం గుట్టలుంటే నూలెందుకు? తొమ్మిది పోగులు కలిపి పురిపెట్టాడు. పసుపు రాస్తే పాలిస్టర్‌కు అంటలేదు. ఇదేదో తేడా వస్తువని అప్పుడైనా బుర్రకు అంటాల్సింది. అదీ అంటలేదు.

"యముడు గుంజినా తెగది!" అని ఒక్కొక్కరికీ చెప్పి మరీ ముడేశాడు.

యముడు గుంజలేదు. సాంచా గుంజింది.

గుంజింది చిరంజీవిని, సదానందం భార్య సారక్క తమ్ముణ్ని. నడుస్తున్న సాంచాలో తెగిన పోగు ముడేయబోయాడు. ఆ మరమగ్గం ఆపి ముడేస్తే గుడ్డ తగ్గుతుంది, సేఠ్ గొంతు పెరుగుతుంది. అందుకని ఎవరూ ఆపరు. కంకణం కొస పళ్లచక్రాల మధ్య చిక్కింది. నూలైతే పుటుక్కుమని చెయ్యి వదిలేది. ఇది వదల్లేదు. ముందు వేళ్లు పోయాయి, తర్వాత మణికట్టు. ఎముక చెరకుగడలా పటపట విరిగింది. మోటారు ఆపేసరికి చక్రాలు మోచేతిదాకా నమిలేశాయి. తెల్లగుడ్డ మీద ఏ డిజైనరూ వెయ్యని ఎర్ర అంచు పడింది. చిరంజీవి కేకలకు, ఎప్పుడూ ఆగని నూట ఇరవై సాంచాలు ఒక్కసారి ఆగాయి.

ఆసుపత్రిలో దశరథం భుజం తట్టాడు. గుడ్డ మడతపెట్టే పెద్దాయన.

"దేవుడు సల్లగ సూసిండు సదానందం. ఒక్క చెయ్యే పోయింది, పానం దక్కింది."

సదానందం తలెత్తి చూశాడు. దశరథానికి ఉన్నది ఒక్క కన్నే. నాలుగేళ్ల కింద సాంచాలో పోగు మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరొచ్చి రెండోది పొడుచుకుపోయింది. అప్పుడు ఇదే వరండాలో, ఇట్లాగే భుజం తట్టి, "దేవుడు సల్లగ సూసిండు, ఒక్క కన్నే పోయింది" అన్నవాడు ఎవరనుకున్నారు? సదానందమే. తాను పెట్టిన ప్రసాదం తన నోట్లోకే తిరిగొచ్చింది. మింగుడుపడలేదు.

లోపల చిరంజీవి కళ్లు తెరిచాడు.

"బావా, మార్కండేయుని మెడకు యముడు పాశమేస్తే శివుడొచ్చిండు. నా చేతికి పాశమేసింది నువ్వేనాయె. ఇగ ఎవరు రావాలె?"

కట్టుకట్టిన చేతిని కొంచెం పైకెత్తాడు. కోరినది లేదనడాన్ని మనం మొండిచెయ్యి చూపడమంటాం. నలభై ఏళ్ల ప్రార్థనలకు సదానందానికి జవాబు ఆ మంచం మీద కనబడింది.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని జంధ్యం పట్టి లాగాడు. నూలుది, పుటుక్కున తెగింది. పిడుగు పడలేదు. సిటీబస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది, అంతే. పైన ఎవరూ లేరు. ఎన్నడూ లేరు. ఉన్నది తానూ, తాను పురిపెట్టిన దారమూ. ఆ దారం ఇంకా ముప్పై తొమ్మిది మణికట్ల మీద ఉంది. అందులో ఒకటి అక్కడే దారం కండెలు చుట్టే సారక్కది.

మర్నాడు పొద్దున కత్తెరతో కార్ఖానాలో పడ్డాడు. ఆరుగురివి కోసేలోపు సాంచా నడిపే మొండయ్య అడ్డమొచ్చాడు.

"ఏందిర నీ ఆట? కట్టుడు నువ్వే, కోసుడు నువ్వే! పండుగ నాడు దేవుడంటివి గద?"

"లేడు మొండన్నా! నేను కట్టిందంత అబద్ధం. చెయ్యి ఇటియ్యి!"

"దేవుణ్ని లేడంటవార, దొంగనా కొడుకా!"

మొదటి గుద్దుకు పన్ను పోయింది. రెండోదానికి పెదవి చీలింది. ఇంకో నలుగురు కలిశారు. భక్తులు కదా, దండం పెట్టే చేతులతోనే దండించారు. డొక్కలో తన్నులు, వీపు మీద ఇనుప కమ్మీ. మొండయ్య కాలర్ పట్టి లేపి, నడుస్తున్న సాంచాకేసి అదిమాడు. అదిమిన చేతి కంకణం కొస చక్రాలకు తగిలింది. చర్రున లోపలికి పోయింది.

మొండయ్య గుడ్లు తేలేశాడు.

సదానందం కత్తెర ఇంకా వదల్లేదు. గుడ్డిగా మణికట్టు మీదికి తోశాడు. కంకణం తెగింది, కాస్త చర్మమూ తెగింది. చెయ్యి బయటికొచ్చింది, అయిదు వేళ్లతో.

మొండయ్య వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. చేతులు జోడించాడు.

"దేవుడే కాపాడిండు!"

అని, రక్తం చూసుకుని, "నన్ను పొడుస్తవార!" అంటూ సదానందాన్ని మరో తన్ను తన్నాడు.

నెత్తురు నోటితో సదానందం పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు కొట్టేవాళ్లే వెనక్కి జరిగారు.

అప్పుడొచ్చింది సారక్క. తమ్ముడి చెయ్యి పోయినప్పట్నుంచి మొగుడితో మాట లేదు. వంగి, పడున్నవాడి చెంప ఛెళ్లుమనిపించింది.

"ఇది నా తమ్మునికి."

సదానందం ఊ అన్నాడు. ఆమె పక్కనే గొంతుక్కూచుని మణికట్టు ముందుకు చాపింది.

"దేవుడు ఉన్నడో లేడో నాకెర్క లేదు. పాలిస్టర్ అయితే ఉన్నది. కొయ్యి."

"సారక్కా, నువ్వు గూడనా?" అన్నాడు మొండయ్య.

"నువ్వు ఊకో అన్నా. నీది తెగింది గనుక మాట్లాడుతున్నవు."

సదానందం కంకణం కింద వేలు దూర్చాడు. కత్తెర రెండుసార్లు జారింది, మూడోసారి తెగింది. ఆమె లేచి కండెల దగ్గరికి పోయింది.

ఆమె లేచిన చోట దశరథం వచ్చి కూర్చున్నాడు. చెయ్యి చాపి, ఉన్న ఒక్క కన్నూ గట్టిగా మూసుకున్నాడు.