ఎవరి చెయ్యి అని అడగొద్దు

ముసలాయన్ని ఈడ్చింది నేనే. నా చేతులతోనే ఈడ్చాను. కానీ నా చేతులకి ఆయన బరువు తెలియలేదు.

నేను ఆయన దగ్గర లేను. ఒక మేడ మీద, కిటికీలు మూసేసిన గదిలో, కళ్లకి అద్దాలూ చేతులకి తొడుగులూ వేసుకుని కూర్చున్నాను. ఆయన ఉన్నచోట ఒక రోబో ఉంది. నేను చెయ్యెత్తితే అది ఎత్తుతుంది, నేను పిడికిలి బిగిస్తే అదీ బిగిస్తుంది. అది చూసేది నాకు కనిపిస్తుంది. వినబడదు, అంతే. అది సొంత బుర్రతో నడుస్తుందని జనం అనుకుంటారు. కంపెనీ అలాగే చెప్పుకుంటోంది మరి.

మా గది నిండా ఆడవాళ్లమే. దారం మిల్లు మూతపడి, కడుపు చేతబట్టుకుని తిరుగుతుంటే కాంట్రాక్టరు ఏరుకున్నాడు. తెగిన పోగుని రెప్పపాటులో ముడేసే వేళ్లు కదా, వాడికి అవి కావాలి. "రోబోలు సముద్రం అవతలున్నాయమ్మా. పెట్టెలు మొయ్యడమే పని," అన్నాడు. చాలాకాలం పెట్టెలే మోశాం.

ఆ రోజు అద్దాల్లో పెట్టెలు లేవు. ఒక ఫ్యాక్టరీ గేటు, దానికి అడ్డంగా కూర్చున్న కార్మికులు. "దారి ఖాళీ చెయ్యండి!" అని వెనకనుంచి కాంట్రాక్టరు కేకేశాడు. మాట వినడం అలవాటైన చేతులు! గేటు ముందు పడుకున్న ముసలాయన మోచెయ్యి పట్టుకుని, పెట్టెని లాగినట్టే లాగాను. ఆ చెయ్యి వంగకూడని వైపుకి వంగింది. నా వేళ్లకి చీమ కుట్టినట్టైనా లేదు.

ఆయన రోబో కళ్లలోకి, అంటే నా కళ్లలోకే చూస్తూ, పక్కవాడితో ఏదో అన్నాడు. మిల్లు మోతలో బతికినవాళ్లం, మాకు పెదాలు చదవడం వచ్చు. "దీనికి నొప్పి తెలీదురా, వదలదు," అన్నాడు. మా భాషే. గేటు మీద బోర్డు చూస్తే బస్సెక్కితే వచ్చే ఊరే. సముద్రమూ లేదు, గిముద్రమూ లేదు.

మధ్యాహ్నం విరామంలో స్నానాల గదిలో చేరాం. గోడలకి చెవులుంటాయని కుళాయిలన్నీ తిప్పేశాం.

"మన వేలితో మన కన్నే పొడిపిస్తున్నాడు గదే," అంది పెద్దక్క. మిల్లులో మా అందరికీ పని నేర్పిన మనిషి.

"నీకేమమ్మా, ఒంటికాయ సొంఠికొమ్మువి," అంది పొట్టి వదిన. "నాకు మంచం పట్టిన అత్తుంది, ఇద్దరు పిల్లలున్నారు. మనం మానేస్తే ఈ కుర్చీల్లో ఇంకొకళ్లు కూర్చుంటారు. ఆ ముసలాయనకి ఒరిగేదేంటి?"

"రేపు గేటు దగ్గర పురుగు కూడా మిగలకూడదన్నాడు వాడు. ఎవరైనా నలిగి చస్తే?"

"నలిపేది నేనా? యంత్రం!"

"దాని వేళ్లు ఎవరివే?"

పొట్టి వదిన భోరుమంది. "నాకు భయమేస్తోందే," అంది. ఎవరికి వెయ్యదు? తలుపుకి బయటనుంచి గడియ. ఫోన్లు వాడి సొరుగులో. మా ఇళ్లెక్కడో వాడికి తెలుసు.

పెద్దక్క ఎడమ చేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని పైకెత్తింది.

'చెయ్యి ఇరుక్కుంది, మిషను ఆపు' అని దానర్థం. మోతలో కేకలు వినబడవు కాబట్టి మిల్లులో ఆ సైగే మా ప్రాణాలు కాపాడేది. అది కనబడితే ఎవరి చెయ్యి అని అడగకూడదు. ముందు ఆపాలి, తర్వాత పరుగెత్తాలి. మేనేజరు ఎన్ని బూతులు తిట్టినా మాలో ఆపకుండా ఉన్నదాన్ని నేను చూడలేదు.

మర్నాడు అద్దాల్లో మళ్లీ గేటు. జనం పెరిగారు. చెయ్యి మెడకి కట్టుకుని ముసలాయన ముందు వరసలోనే కూర్చున్నాడు. "తొయ్యండి!" అన్నాడు కాంట్రాక్టరు. కదిలాం. తొడుగుల్లో నా చేతులు చెమటకి జారిపోతున్నాయి. నా ఒక్కదాని చెయ్యే లేస్తే నా గతేంటి?

తల తిప్పాను. పక్క రోబో ఆగి, తన మణికట్టు పట్టుకుని పైకెత్తింది. పెద్దక్క! నేనూ ఎత్తాను. వరసంతా ఎత్తింది. అన్నిటికన్నా చివర ఒకటి వణుకుతూ లేచింది. అది పొట్టి వదినేనని ఇట్టే తెలిసింది. రోబోలు వణకవు.

ముసలాయన నోరు తెరుచుకుని చూశాడు. "ఒరేయ్, లోపల మనుషులున్నార్రా!" అన్నాయి ఆయన పెదాలు. అంతలో అద్దాలు చీకటైపోయాయి.

"ఎవతి మొదలుపెట్టింది?" కాంట్రాక్టరు మొహం పాలిపోయింది. మమ్మల్ని భయపెట్టినవాడు భయపడటం అప్పుడే చూశాను. అందరం మణికట్లు ఎత్తి కూర్చున్నాం. పోలీసులొచ్చారు. పెద్దదాన్ని తీసుకెళితే మిగతావాళ్లు దారికొస్తారనుకుని పెద్దక్కని తీసుకెళ్లారు. ఆమె ఇంకా రాలేదు. ఏ స్టేషన్లో అడిగినా మాకు తెలీదంటున్నారు.

మేం దారికి రాలేదు, గేటు దగ్గరికొచ్చాం. పొట్టి వదిన కూడా వచ్చింది, పిల్లల్ని వెంటేసుకుని. మీ చెయ్యి విరిచింది నేనేనని ముసలాయనకి చెప్పాను. కట్టున్న చెయ్యి పక్కకి జరుపుకున్నాడు. "అయితే నా పక్కనే కూర్చో," అన్నాడు.

చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, యంత్రం మన పొట్ట కొడుతోందని మీకు చెబుతారు. తొడుగుల్లో ఎవరి చేతులున్నాయో, వాటి వెనక నిలబడి కేకలేసేది ఎవడో అడగండి.

ఇవాళ రోబోలు మళ్లీ వచ్చాయి. మా కుర్చీల్లో కొత్తవాళ్లు. ఇంకో మూతపడ్డ మిల్లు వాళ్లట. ఒకటి నా మోచెయ్యి పట్టుకుంది. ఆ బరువేంటో ఇప్పుడు తెలిసింది. లేచి పారిపోదామనిపించింది, అబద్ధమెందుకు! పారిపోలేదు. దాని కళ్లలోకి చూస్తూ రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుని, పెదాలతో మెల్లగా అన్నాను: "చెల్లీ, నీ చేతికి తెలీడం లేదు గానీ, నాకు నొప్పిగా ఉంది. ఆపు."

నా వెనక గేటు పొడుగునా చేతులు లేచాయి. రోబో వేళ్లు ఇంకా బిగిశాయి. ఎముక కదిలినట్టయింది. తర్వాత ఆగాయి. నా మోచేతి మీద ఆ ఇనుప చెయ్యి వణుకుతోంది.