తిరిగి రాని స్టీరింగు

నేను ఎవరినీ నమ్మను. హిందూపురంలో పద్నాలుగేళ్ళుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నవాణ్ణి, ఎట్లా నమ్ముతాను? పాత బండి అమ్మేవాడు ఏదో ఒకటి దాచిపెట్టే అమ్ముతాడు.

యాభై ఎనిమిదిలో ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఆదినారాయణ శెట్టి, బెంగళూరు విడిచిపోతున్న ఒక దొర దగ్గర రెండు సీట్ల రేసు కారు కొన్నాడు. రెండే సీట్లు ఎందుకంటే, చుట్టాలెవరూ ఎక్కకుండా ఉంటారట! ఆయనకు డ్రైవింగు రాదు. డ్రైవరు పుల్లయ్య తోలితే పక్కన కూర్చుంటాడు. దొర అంత మంచి కారును ఊరికే వదులుకున్నాడంటే నాకప్పుడే అనుమానం.

ఉగాదికి ముందు, ఇరుసు దగ్గర కుదుపు ఆపే దాని కమాను పట్టీలు విరిగితే నేనే మార్చి పంపాను. నెల తిరక్కముందే పెనుకొండ దగ్గర మలుపులో కారు రోడ్డు దిగి కంపచెట్లలో దూరింది. శెట్టి మోచెయ్యి గీసుకుపోయింది, మడ్‌గార్డు సొట్టపోయింది. మెల్లగా తోలుకుంటూ మళ్ళీ నా షెడ్డుకే వచ్చారు.

శెట్టి నా పనిబల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి ఊగిన ఆ బల్ల ఈమధ్యే కుదురుగా నిలుస్తోంది.

“వీడు తాగినాడప్పా శంకరప్పా. కారులో ఏ లోపమూ లేదని నువ్వు ఒక్క మాట చెప్పు, ఇప్పుడే పనిలోంచి తీసేస్తా.”

పుల్లయ్య ముఖం మాడిపోయింది. తాగి యజమానిని పడేశాడన్న పేరొస్తే ధర్మవరం నుంచి హిందూపురం దాకా వాడి చేతికి బండి ఇచ్చేవాడుండడు.

“కుళ్ళాయప్ప సామి మీద ఒట్టన్నా, చుక్క ముట్టలేదు. మలుపు తిప్పినంక స్టీరింగు వెనక్కి రాలేదు. ముందు దానంతట అదే వచ్చేది.”

“దానంతట అదే వచ్చేదానికి అదేమన్నా నీ పెంపుడు కుక్కా?” అన్నాను. దగ్గరికి పోయి వాడి నోరు వాసన చూశాను. బీడీ కంపు తప్ప ఏమీ లేదు. వీడేదో నమిలి ఉమ్మేసి ఉంటాడు, దొంగవెధవ, అనుకున్నాను.

కారు కింద దూరి చూశాను. ఇరుసు వంగలేదు. నేను బిగించిన బోల్టులు బిగించినట్టే ఉన్నాయి. “ఏ లోపమూ లేదు” అనబోయాను. కానీ మాట ఇచ్చేముందు నా చేతులతో తోలి చూడందే నాకు నమ్మకం కుదరదు. శెట్టిని ఎక్కించుకుని పెనుకొండ రోడ్డు పట్టాను.

మొదటి మలుపులో స్టీరింగు చిటికెనవేలికి తిరిగింది. ఎంత తేలిగ్గా ఉండాది, అని ముచ్చటపడ్డాను. మలుపు దాటాక చేతులు వదులు చేస్తే అది వెనక్కి రాలేదు. కారు ఇంకా లోపలికే పోతోంది! గట్టిగా గుంజితే ఈసారి రెండో పక్కకు తూలింది. శెట్టి “అయ్యయ్యో!” అని డోరు పట్టుకున్నాడు. చుక్క తాగని నేనే రెండుసార్లు రోడ్డు అంచు చూశాను.

తిరిగొచ్చేసరికి పుల్లయ్య నా సైకిలును ఎండలోంచి నీడకు నడిపిస్తున్నాడు. పట్టుకున్నది సీటు మాత్రమే. హ్యాండిలు ఎవరూ పట్టుకోకపోయినా ముందు చక్రం తిన్నగా పోతోంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఏటవాలుగా ఉంటుంది గదా, చక్రం దాని వెనకాలే ఈడ్చుకుంటూ వచ్చి తిన్నగా నిలుస్తుంది. ఫోర్కు నిటారుగా ఉంటే హ్యాండిలు అటూఇటూ తూలుతుంది. మరి కారు ముందిరుసుకు ఆ ఏటవాలు ఏది?

అప్పుడు గుర్తొచ్చింది. కమాన్లు మార్చిన రోజు ఇరుసుకూ పట్టీలకూ మధ్య రెండు ఇనుప బిళ్ళలు దొరికాయి. ఒక అంచు మందం, ఇంకో అంచు పల్చన. వంకర ఇరుసును కప్పిపెట్టడానికి దొర ఇరికించాడనుకుని పీకేశాను. ఇరుసు నిటారుగా కూర్చుంటే నన్ను నేనే మెచ్చుకున్నాను. దానికి ఆ ఏటవాలు ఇచ్చింది ఆ బిళ్ళలే.

నోరు మూసుకుంటే శెట్టికి ఏం తెలుస్తుంది? ఆ పాడు ఆలోచన నాకు రాలేదని చెప్పను. పుల్లయ్య సైకిలుకు స్టాండు వేసి నా ముఖమే చూస్తున్నాడు.

పనిబల్ల దగ్గర కూలబడి, దాని కాళ్ళ కింద నుంచి రెండు బిళ్ళలూ లాగాను. బల్ల ఒరిగి పానాలన్నీ కింద పడ్డాయి.

“ఇవి నీ కారువే శెట్టీ. నేనే తీసేసినా. వాడి తప్పేమీ లేదు.”

శెట్టి బిళ్ళలు చేతిలోకి తీసుకుని అటూఇటూ తిప్పి చూశాడు. పుల్లయ్య నా దగ్గరికొచ్చి వంగి, ముక్కు దగ్గరగా పెట్టి నా నోరు వాసన చూశాడు.

“ఏమీ తాగలేదు శెట్టిగారూ,” అన్నాడు.